బొలీవియా

బొలీవియా దక్షిణ అమెరికా ఖండము నడుమ ఉన్న ఒక దేశము. దీని అధికారిక నామము "బొలీవియా బహుజాతి రాజ్యము". ఉత్తరమున, తూర్పున బ్రెజిల్, ఆగ్నేయమున పరాగ్వే, దక్షిణమున అర్జెంటీనా, నైరుతిన చిలీ, పడమట పెరూ దేశములు దీనికి సరిహద్దులు. సముద్రతీరము లేదు. వైశాల్యము 10,98,581 చదరపు కిలోమీటర్లు, అనగా భారతదేశములో ఇంచుమించు మూడవ వంతు. జనాభా మాత్రము 2024 జనగణన ప్రకారము సుమారు ఒక కోటి 13 లక్షలే.

రాజ్యాంగము ప్రకారము రాజధాని సుక్రే నగరము. సర్వోన్నత న్యాయస్థానము అక్కడ ఉన్నది. అధ్యక్షుని కార్యాలయము, పార్లమెంటు మాత్రము లా పాజ్ నగరములో ఉన్నవి. 1899లో ముగిసిన అంతర్యుద్ధములో లా పాజ్ పక్షము గెలుచుటచే ఈ ఏర్పాటు స్థిరపడింది. జనాభాలో అన్నిటికంటె పెద్ద నగరము ఈ రెండూ కాదు, తూర్పు మైదానములోని శాంతా క్రూజ్. దేశము 9 విభాగములుగా విభజింపబడినది. ద్రవ్యము పేరు బొలీవియానో.

వెండి, నత్రలవణము, రబ్బరు, తగరము, సహజవాయువు - ఒకదాని తరువాత ఒకటిగా ఈ నేల నుండి బయటకు వెళ్ళిన సంపద చాలా ఉన్నది. వాటిని త్రవ్వి మోసిన స్థానిక జాతుల ప్రజలకు ఓటు హక్కు 1952లో గాని లభించలేదు. వారి భాషలకు అధికార భాషల హోదా పూర్తిగా దక్కినది 2009 రాజ్యాంగముతోనే. బొలీవియా చరిత్రను, నేటి రాజకీయములను అర్థము చేసుకొనుటకు ఈ రెండు సంవత్సరములు గుర్తుంచుకొనుట అవసరము.

భౌగోళిక స్వరూపము

దేశము పడమటి నుండి తూర్పునకు మెట్లు దిగినట్లుగా ఉంటుంది. పడమట ఆండీస్ పర్వతములు రెండు వరుసలుగా చీలినవి. ఆ రెంటి నడుమ సముద్రమట్టమునకు సుమారు 3,800 మీటర్ల ఎత్తున విశాలమైన పీఠభూమి ఉన్నది. దీనిని ఆల్టిప్లానో అంటారు. టిబెట్ తరువాత ప్రపంచములో ఇంత ఎత్తయిన పెద్ద పీఠభూమి మరొకటి లేదు. చెట్లు అరుదు, గాలి పలుచన, పగలు ఎండ, రాత్రి గడ్డకట్టు చలి. ఇచు అనే గరుకు గడ్డి, దానిని మేసే లామా, అల్పాకా మందలు ఇక్కడి సాధారణ దృశ్యము. పడమటి వరుసలోని సజామా అనే ఆరిపోయిన అగ్నిపర్వతము (6,542 మీటర్లు) దేశములో ఎత్తయిన శిఖరము.

లా పాజ్ నగరము ఈ పీఠభూమి అంచున గల లోతైన లోయలో, సుమారు 3,640 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ లోయ పై అంచున, 4,000 మీటర్లు దాటిన చోట, ఎల్ ఆల్టో నగరము ఉన్నది. పల్లెల నుండి, మూతపడిన గనుల నుండి వలస వచ్చినవారితో పెరిగిన ఎల్ ఆల్టోలో అయ్మారా జాతివారు ఎక్కువ. రెండు నగరములను 2014 నుండి తీగమార్గములు కలుపుతున్నవి. సాధారణముగా విహారస్థలములలో కనిపించే ఈ తీగమార్గపు పెట్టెలు ఇక్కడ సిటీ బస్సుల వలె పనిచేస్తాయి. ఇంత ఎత్తున నీరు 88 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. కనుక పప్పు గింజలు ఉడుకుటకు మైదానములో కంటె చాలా ఎక్కువ సమయము పడుతుంది.

పెరూ సరిహద్దున ఉన్న టిటికాకా సరస్సు సముద్రమట్టమునకు 3,812 మీటర్ల ఎత్తున, 8,300 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉన్నది. ఇంత ఎత్తున పెద్ద ఓడలు తిరుగగల సరస్సుగా ఇది ప్రసిద్ధము. ఇందులోని సూర్యద్వీపమును ఇంకాలు తమ వంశమునకు పుట్టిల్లుగా భావించినారు. టిటికాకా మిగులు నీరు దేసగ్వదేరో నది ద్వారా దక్షిణమున ఉన్న పూపో సరస్సునకు చేరుతుంది. పూపో ఒకప్పుడు దేశములో రెండవ పెద్ద సరస్సు. లోతు తక్కువైన ఈ ఉప్పునీటి సరస్సు 2015 డిసెంబరు నాటికి ఎండిపోయింది. పెరిగిన ఉష్ణోగ్రతలు, ఎల్ నినో కరవు, పైనున్న నదుల నీటిని సాగుకు, గనులకు మళ్ళించుట - ఇవన్నీ కారణములే. ఆ తరువాత అప్పుడప్పుడు కొంత నీరు చేరినా సరస్సు పూర్వస్థితికి రాలేదు. చేపల వేటపై తరతరములుగా జీవించిన ఉరు జాతివారికి దీనితో వృత్తి పోయింది. అనేకులు ఉప్పు తయారీకో, గనులకో, కూలికో వలస పోయినారు. లా పాజ్ సమీపములోని చకల్టాయా హిమానీనదము కూడ 2009లో పూర్తిగా కరిగిపోయింది. అంతకు ముందు దానిపై దేశములోని ఏకైక మంచు క్రీడాస్థలము ఉండేది.

పీఠభూమి నైరుతి భాగమున ఉయుని ఉప్పు మైదానము ఉన్నది. పూర్వము ఉండిన సరస్సులు ఎండిపోగా మిగిలిన ఈ ఉప్పు పొర పది వేల చదరపు కిలోమీటర్లకు మించి పరచుకొని ఉన్నది. ప్రపంచములో ఇంతకంటె పెద్ద ఉప్పు మైదానము లేదు. డిసెంబరు నుండి మార్చి వరకు వర్షపు నీరు పలుచగా నిలిచినప్పుడు ఇది ఆకాశమంతటికి అద్దము పట్టినట్లు కనిపిస్తుంది. నేల మట్టములో తేడా చాలా స్వల్పము కనుక ఉపగ్రహముల ఎత్తు కొలిచే పరికరములను సరిచూచుటకు కూడ దీనిని వాడుతారు. ఉప్పు పొర క్రింది ద్రవములో లిథియము ఉన్నది. దేశములోని లిథియము వనరులు 2 కోట్ల టన్నులకు పైగా ఉండునని అమెరికా భూగర్భ సర్వే సంస్థ పేర్కొన్నది. అయినా ఉత్పత్తి స్వల్పమే. ద్రవములో మెగ్నీషియము ఎక్కువగా ఉండుట సాంకేతికమైన అడ్డంకి. పొటోసి వెండి కథ మళ్ళీ జరుగరాదని స్థానికులు పట్టుబట్టుట రెండవది. ఈ పట్టుదలను మొండితనమని కొట్టివేయుట సరికాదు. కారణము చరిత్ర విభాగములో కనిపిస్తుంది.

పీఠభూమికి తూర్పున కోచబాంబా, సుక్రే, తరిహా ప్రాంతముల సమశీతల లోయలు ఉన్నవి. మొక్కజొన్న, గోధుమ, కూరగాయలు, ద్రాక్ష ఇక్కడి పంటలు. లా పాజ్‌కు ఈశాన్యమున యుంగాస్ అనే నిట్రమైన అడవి లోయలు కోకా, కాఫీ, పండ్ల తోటలకు ప్రసిద్ధి. ఇక్కడికి దిగే పాత కొండదారి నిర్మాణములో 1930ల నాటి యుద్ధఖైదీలను వాడినారు. ప్రమాదముల వలన దానికి "మృత్యుమార్గము" అని పేరు వచ్చింది. కొత్త రోడ్డు వచ్చిన తరువాత పాతదానిపై సైకిలు యాత్రికులే ఎక్కువ.

దేశములో సగము కంటె ఎక్కువ భాగము తూర్పు, ఉత్తర మైదానమే. బొలీవియా అనగానే మంచుకొండలు మాత్రమే తలచేవారు ఈ సంగతి మరచిపోతారు. ఉత్తరమున బెని, మమోరె, మాద్రె దె దియోస్ నదులు అమెజాన్ వైపు పారుతాయి. బెని విభాగములోని వరద మైదానములలో పూర్వులు కట్టిన మట్టిదిబ్బలు, గట్లు, కాలువలు వేల సంఖ్యలో ఉన్నవి. అమెజాన్ అడవి మనిషి ముట్టని అడవి అనే పాత అభిప్రాయమును మార్చుకొనవలసి వచ్చుటకు ఇవి ముఖ్యమైన సాక్ష్యములలో ఒకటి. శాంతా క్రూజ్ చుట్టూ సోయా సేద్యము, పశువుల పెంపకము విస్తరించుటతో అడవి వేగముగా తరిగిపోయింది. 2019లోను, 2024లోను చెలరేగిన కార్చిచ్చులలో లక్షలాది హెక్టార్లు కాలిపోయినవి. ఆగ్నేయమున ముళ్ళపొదలతో నిండిన చాకో ప్రాంతము పరాగ్వే లోనికి సాగిపోతుంది. సహజవాయువు నిక్షేపములు ముఖ్యముగా ఈ వైపుననే ఉన్నవి.

చరిత్ర

ప్రాచీన కాలము

టిటికాకా సరస్సునకు దక్షిణమున ఉన్న తివనాకు నగరము క్రీ.శ. 500 నుండి 1000 వరకు పీఠభూమిలో పెద్ద శక్తిగా వెలిగింది. ఒకే రాతి నుండి మలచిన సూర్యద్వారము, అకపానా అనే మెట్ల కట్టడము అక్కడి శిథిలములలో ముఖ్యమైనవి. కాలువల నడుమ ఎత్తు మళ్ళు కట్టి, పగటి వేడిని నీటిలో నిలువచేసి, రాత్రి మంచు దెబ్బ నుండి పైరును కాపాడే సేద్యపద్ధతి వీరికి తెలుసు. దాని పతనము తరువాత అయ్మారా రాజ్యములు ఏర్పడినవి. 15వ శతాబ్దములో ఇంకాలు ఈ ప్రాంతమును జయించినారు. 1530లలో స్పెయిన్ వారు వచ్చినారు.

పొటోసి

1545లో పొటోసి వద్ద వెండి గనులు వెలుగు చూచినవి. సెర్రో రికో, అనగా సంపన్న పర్వతము, అని స్పెయిన్ వారు ఆ కొండకు పేరు పెట్టినారు. 4,000 మీటర్లు దాటిన ఎత్తున, పైరు పండని చోట వెలసిన ఈ పట్టణపు జనాభా 17వ శతాబ్దము తొలి భాగమునకు లక్షన్నర దాటింది. అప్పటి ప్రపంచములోని పెద్ద నగరములలో ఇది ఒకటి.

1570లలో వైస్రాయి ఫ్రాన్సిస్కో దె తొలేదో మిటా అనే నిర్బంధ శ్రమ పద్ధతిని ఇక్కడ అమలుచేసినాడు. ఇంకాల కాలములోనే మిటా ఉన్నది. అప్పుడు అది రాజ్యమునకు వంతులవారీగా చేసే పని. పని చేసినంత కాలము రాజ్యమే తిండి, బట్ట ఇచ్చేది. తొలేదో ఆ పేరును ఉంచుకొని సారమును మార్చినాడు. పదహారు మండలముల నుండి వయోజన పురుషులలో ఏడవ వంతు చొప్పున, ఏటా పదమూడు వేలకు పైగా మనుషులు, వారాల తరబడి నడిచి పొటోసికి రావలసి వచ్చేది. భార్యాబిడ్డలు, లామాలు వెంట వచ్చేవారు. చాలామంది తిరిగి వెళ్ళలేదు. ముడి ఖనిజము నుండి వెండిని విడదీయుటకు పెరూలోని హువాన్కవెలికా నుండి తెచ్చిన పాదరసము వాడినారు. లోపల రాతిధూళి, బయట పాదరసపు ఆవిరి. ఈ పద్ధతి రెండు శతాబ్దములకు పైగా సాగింది.

తెలుగులో వెండికొండ అనగా కైలాసము. పొటోసి వెండికొండను మాత్రము, క్వెచువా భాషకు తొలి వ్యాకరణమును వ్రాసిన క్రైస్తవ సన్యాసి దొమింగో దె శాంతో తొమాస్, 1550లోనే నరకద్వారముతో పోల్చినాడు. మిటా రాకముందే ఆయన ఆ మాట అన్నాడని గమనించవలెను.

ఇక్కడి వెండి నాణెములు యూరపును, మనీలా మీదుగా చైనాను, సముద్రవర్తకుల ద్వారా భారతదేశమును చేరినవి. 17వ శతాబ్దములో మచిలీపట్నము మొదలైన కోరమాండల్ తీరపు రేవులలో యూరపు వర్తకులు బట్టల కొరకు చెల్లించిన వెండిలో స్పానిష్ అమెరికా గనుల వెండికి పెద్ద పాలు ఉన్నది.

పొటోసి కొండలో పని నేటికీ ఆగలేదు. సహకార సంఘముల కార్మికులు తగరము, జింకు, మిగిలిన వెండి కొరకు త్రవ్వుతూనే ఉన్నారు. అయిదు శతాబ్దముల త్రవ్వకముతో శిఖరము కుంగిపోవుచున్నది. 1987 నుండి ప్రపంచ వారసత్వ స్థలముగా ఉన్న ఈ నగరమును యునెస్కో 2014లో ప్రమాదములో ఉన్న స్థలముల పట్టికలో చేర్చింది.

స్వాతంత్ర్యము, కోల్పోయిన సముద్రము

1781లో అయ్మారా నాయకుడు తుపాక్ కటారి, ఆయన భార్య బర్తోలినా సిసా వేలాది రైతులతో లా పాజ్‌ను నెలల తరబడి ముట్టడించినారు. తిరుగుబాటు అణచివేయబడినది. ఇద్దరూ క్రూరముగా చంపబడినారు. 1809లో సుక్రే, లా పాజ్ నగరములలో స్పెయిన్ సంతతివారి తిరుగుబాట్లు మొదలైనవి. 1825 ఆగస్టు 6న స్వాతంత్ర్య ప్రకటన వెలువడినది. సిమోన్ బొలీవర్ పేరు మీదుగా దేశమునకు పేరు, ఆయన సేనాని అంతోనియో హోసె దె సుక్రే పేరు మీదుగా రాజధానికి పేరు వచ్చినవి. స్థానిక ప్రజలపై తలపన్ను మాత్రము స్వతంత్ర దేశములో కూడ కొనసాగింది. 19వ శతాబ్దములో చాలా కాలము ప్రభుత్వ ఆదాయములో పెద్ద భాగము ఆ పన్నే.

అప్పట్లో బొలీవియాకు పసిఫిక్ తీరము ఉండేది. అటకామా ఎడారిలోని ఆ తీరములో నత్రలవణ నిక్షేపములు బయటపడినవి. చిలీ, బ్రిటిష్ పెట్టుబడులు గల ఒక కంపెనీ ఎగుమతి చేసే లవణముపై క్వింటాలుకు 10 సెంటావోల పన్ను విధించుట వివాదమైనది. 1879లో చిలీ సైన్యము అంతోఫగస్తా రేవును ఆక్రమించింది. పెరూ బొలీవియా పక్షమున యుద్ధములో దిగినా ఫలితము లేకపోయింది. 1879 మార్చి 23న కలామా వద్ద ఎదువార్దో అబరోవా అనే పౌరుడు లొంగిపోవుటకు నిరాకరించి ప్రాణములు విడిచినాడు. ఏటా ఆ తేదీని "సముద్ర దినము"గా పాటిస్తారు. 1904 ఒప్పందముతో తీరము శాశ్వతముగా చిలీ వశమైనది. బదులుగా అరికా రేవు నుండి లా పాజ్‌కు రైలుమార్గము, సరకులు స్వేచ్ఛగా తరలించు హక్కు లభించినవి. సముద్రము లేకున్నా బొలీవియాకు నౌకాదళము ఉన్నది. అది టిటికాకా సరస్సులోను, నదులలోను పనిచేస్తుంది. సముద్రమార్గముపై చిలీ చర్చలు జరుపవలెనని బొలీవియా అంతర్జాతీయ న్యాయస్థానమును ఆశ్రయించింది. చిలీకి అట్టి చట్టబద్ధమైన బాధ్యత లేదని 2018 అక్టోబరు 1న తీర్పు వచ్చింది.

1903లో రబ్బరు అడవులున్న ఆక్రె ప్రాంతము బ్రెజిల్ పాలైనది. 1932-35 మధ్య పరాగ్వేతో జరిగిన చాకో యుద్ధములో ఆ ఎడారిలో అధిక భాగము పోయింది. చలిదేశపు పీఠభూమి నుండి తీసుకొనిపోయిన రైతుబిడ్డలు ఎండకు, దప్పికకు, వ్యాధులకు వేల సంఖ్యలో బలియైనారు. ఎవరి దేశము కొరకు పోరాడితిమి, ఆ దేశములో మాకేమి స్థానము అనే ప్రశ్నను తిరిగి వచ్చినవారు వెంట తెచ్చినారు.

వరిసాతా బడి

ఈ కాలములోనే, 1931 ఆగస్టు 2న, టిటికాకా సరస్సు సమీపములోని వరిసాతా గ్రామములో ఒక బడి మొదలైనది. అయ్మారా పెద్ద అవెలినో సిన్యాని, ఉపాధ్యాయుడు ఎలిసార్దో పెరెజ్ దానిని స్థాపించినారు. పెద్ద కమతముల యజమానులు కూలీల పిల్లలకు చదువు వద్దని ఎదురు నిలచిన రోజులవి. సిన్యాని అంతకు ముందే రహస్యముగా చదువు నేర్పినవాడు. ఊరివారే ఇటుకలు చేసి, రాళ్ళు మోసి భవనము కట్టినారు. గంటలు కొట్టి, పుస్తకము వల్లెవేయించుట కాక, పొలము, పనిశాల, తరగతి కలిసిన బడి ఇది. అయ్మారా భాష కూడ బోధనలో వాడబడినది. బడి నిర్వహణ గ్రామపెద్దల సభ చేతిలో ఉండేది. మెక్సికో మొదలైన దేశముల విద్యావేత్తలు దీనిని చూచుటకు వచ్చినారు. భూస్వాముల ఒత్తిడితో 1940లో ప్రభుత్వము ఈ ప్రయోగమును నిలిపివేసింది. సిన్యాని 1941లో మరణించినాడు. దాదాపు డెబ్బది సంవత్సరముల తరువాత, 2010లో వచ్చిన జాతీయ విద్యాచట్టమునకు వీరిద్దరి పేర్లే పెట్టినారు. స్పానిష్‌తో పాటు ఆ ప్రాంతపు స్థానిక భాషను కూడ బోధించవలెనని ఆ చట్టము నిర్దేశిస్తుంది. ఆచరణలో పట్టణములలో ఇది అంతంత మాత్రముగానే ఉన్నది.

1952 నుండి నేటి వరకు

20వ శతాబ్దము తొలి సగములో దేశమును తగరపు గనులే నడిపినవి. పతిన్యో, అరమాయో, హోక్షిల్డ్ అను మూడు కుటుంబముల చేతిలో ఆ గనులు ఉండేవి. చదువు రానివారికి ఓటు లేదు. అనగా స్థానిక ప్రజలలో అత్యధికులకు లేదు. 1952 ఏప్రిల్ విప్లవము దీనిని తలక్రిందులు చేసింది. విక్తర్ పాజ్ ఎస్తెన్సోరో ప్రభుత్వము అందరికీ ఓటు హక్కునిచ్చి, పెద్ద గనులను జాతీయము చేసి, 1953లో భూసంస్కరణతో వెట్టిచాకిరిని రద్దుచేసింది.

1964 నుండి 1982 వరకు ఎక్కువ కాలము సైనిక పాలనే. విప్లవకారుడు చే గెవారా 1967 అక్టోబరులో లా ఇగెరా అనే కుగ్రామములో, ఒక బడి గదిలో చంపబడినాడు. 1985 నాటికి ధరలు ఎంతగా పెరిగినవంటే, తరువాత కొత్త ద్రవ్యము ప్రవేశపెట్టినప్పుడు పది లక్షల పాత పెసోలకు ఒక బొలీవియానో చొప్పున మార్చవలసి వచ్చింది. అదే ఏడు తగరము ధర కుప్పకూలి గనులు మూతపడగా వేలాది కార్మికులు రోడ్డున పడినారు. 2000లో కోచబాంబా నగరపు నీటి సరఫరాను ఒక విదేశీ కంపెనీ భాగస్వామ్యము గల సంస్థకు అప్పగించి ధరలు పెంచగా ప్రజలు వీధులలోకి వచ్చి ఆ ఒప్పందమును రద్దు చేయించినారు. 2003 అక్టోబరులో సహజవాయువును చిలీ రేవు మీదుగా ఎగుమతి చేయు ఆలోచనపై ఎల్ ఆల్టోలో జరిగిన ఆందోళనలో అరవై మందికి పైగా మరణించినారు. అధ్యక్షుడు దేశము విడిచిపోయినాడు.

2005 డిసెంబరు ఎన్నికలలో గెలిచిన ఎవో మొరాలెస్ ఆ పదవికి ఎన్నికైన మొదటి స్థానిక జాతి నాయకుడు. ఆయన ప్రభుత్వము 2006లో సహజవాయువు పరిశ్రమను జాతీయము చేసింది. 2009లో కొత్త రాజ్యాంగమును తెచ్చింది. వాయువు ఆదాయముతో పేదరికము తగ్గింది. వరుసగా నాలుగవసారి పోటీ చేయుట, 2019 ఎన్నికల లెక్కింపుపై వివాదము, సైన్యము పదవి వీడమని సూచించుట - వీటి ఫలితముగా ఆయన 2019 నవంబరులో రాజీనామా చేసినాడు. అది ప్రజాఉద్యమమా, సైనిక కుట్రయా అనే విషయములో దేశము రెండుగా చీలింది. 2020లో లూయిస్ ఆర్సె ఎన్నికైనాడు. వాయువు ఉత్పత్తి పడిపోయి, డాలర్లకు, ఇంధనమునకు కొరత ఏర్పడిన పరిస్థితిలో 2025 ఎన్నికలు జరిగినవి. అక్టోబరులో జరిగిన రెండవ విడతలో రోద్రిగో పాజ్ గెలిచి నవంబరులో పదవి స్వీకరించినాడు.

ప్రజలు, భాషలు

రాజ్యాంగము స్పానిష్‌ను, 36 స్థానిక భాషలను అధికార భాషలుగా గుర్తించింది. వీటిలో కొన్నింటిని మాట్లాడేవారు కొద్దిమందే మిగిలినారు. క్వెచువా కోచబాంబా, పొటోసి, సుక్రే ప్రాంతములలోను, అయ్మారా లా పాజ్, ఒరురో ప్రాంతములలోను, గ్వారనీ చాకోలోను వాడుకలో ఉన్నవి. 2001 జనగణనలో 62 శాతము మంది తమను స్థానిక జాతులవారిగా చెప్పుకొన్నారు. 2012లో అది 41 శాతమునకు తగ్గింది. పదకొండేళ్ళలో జనము మారిపోరు కదా! ప్రశ్న అడిగిన తీరు మారుట, పట్టణములకు వలస దీనికి కారణములుగా చెప్తారు. యుంగాస్ లోయలలో ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడినవారి సంతతి, శాంతా క్రూజ్ ప్రాంతములో జపాను నుండి వచ్చినవారి సంతతి, జర్మన్ మాండలికము మాట్లాడే మెన్నోనైట్ క్రైస్తవులు కూడ ఉన్నారు.

అయ్మారా భాష పదమునకు ప్రత్యయములు ఒకదానిపై ఒకటి చేర్చుకొనే భాష. ఈ విషయములో తెలుగువారికి అది కొత్తగా తోచదు. చెప్పే సంగతిని తాను స్వయముగా చూచినదా, వినికిడి వలన తెలిసినదా అనునది కూడ ఈ భాష వ్యాకరణములోనే తెలుపవలసి ఉంటుంది. తెలుగులో "వచ్చాడట" అనునప్పటి "ట" చేసే పని ఇటువంటిదే. తెలుగులో దానిని వదిలివేసినా తప్పు లేదు, అయ్మారాలో చూడనిదానిని చూచినట్లు చెప్పుట భాషాదోషము మాత్రమే కాదు, మర్యాద లోపము కూడ. కాలము విషయములో మరొక విశేషము. "నయ్ర" అను మాటకు కన్ను, ముందు, గతము అని అర్థములు. "ఖిప" అనగా వెనుక, భవిష్యత్తు. జరిగినది కనిపిస్తుంది కనుక కంటి ముందు ఉన్నది. జరుగబోవునది కనబడదు కనుక వీపు వెనుక ఉన్నది. పాతకాలము సంగతి చెప్పేటప్పుడు వృద్ధులు చేతిని ముందుకు చాపుతారని పరిశోధకులు గమనించినారు.

బడికి వచ్చే పిల్లలకు ఏటా కొంత సొమ్ము ఇచ్చే పథకము 2006లో మొదలైనది. చిలీతో జరిగిన యుద్ధములో మరణించినట్లు చెప్పబడే హువాన్సితో పింతో అను బాలుడి పేరు దీనికి పెట్టినారు. వయోజన విద్యోద్యమము తరువాత 2008 డిసెంబరులో దేశము నిరక్షరాస్యత నుండి విముక్తమైనట్లు ప్రభుత్వము ప్రకటించింది.

సంస్కృతి

ప్రజలలో అధికులు రోమన్ కాథలిక్కులు. అయినను భూమాత పచమామాను మరచినవారు తక్కువ. త్రాగే ముందు కొన్ని చుక్కలు నేలపై చిలకరించుట, ఇల్లు కట్టే ముందు పూజ చేయుట, ఆగస్టు నెలలో భూమికి నైవేద్యము సమర్పించుట సాధారణము. టిటికాకా ఒడ్డున గల కోపకబానా మేరీమాత విగ్రహమును 1583లో చెక్కినవాడు ఫ్రాన్సిస్కో తితో యుపాంకి అను స్థానిక శిల్పి. రియో నగరములోని ప్రసిద్ధమైన సముద్రతీరమునకు ఈ ఊరి పేరే వచ్చింది.

గనులలో మరొక దేవుడున్నాడు. పైన చర్చి దేవుడు, భూగర్భములో "తియో". కొమ్ములు గల ఈ మట్టి విగ్రహమునకు కార్మికులు కోకా ఆకులు, సిగరెట్లు, మద్యము సమర్పించి క్షేమమును వేడుకొంటారు. గనుల పట్టణమైన ఒరురోలో జరిగే కార్నివాల్ ఉత్సవమునకు మూలము కూడ ఇందులోనే ఉన్నది. భయంకరమైన కొమ్ముల ముసుగులతో ఆడే దియాబ్లాదా, అనగా దయ్యముల నృత్యము, గనుల మేరీమాత గుడి ముందు మోకరిల్లి ముగుస్తుంది. మొరెనాదా నృత్యములోని బరువైన నడక, గిలకల చప్పుడు ఆఫ్రికా బానిసల యాతనకు గుర్తు అని ఒక వివరణ. యునెస్కో 2001లో ఈ ఉత్సవమును మానవ వారసత్వముగా ప్రకటించింది. లా పాజ్‌లో జనవరి 24న మొదలయ్యే అలసితాస్ సంతలో కోరుకొన్న వస్తువుల చిన్న బొమ్మలను - ఇల్లు, కారు, పట్టా, పాస్‌పోర్టు - కొనుక్కొని ఎకేకో అను సంపద దేవుని ఆశీస్సు కోరుతారు.

అయ్మారా, క్వెచువా స్త్రీలు అనేక కుచ్చిళ్ళు గల పొయెరా అను లంగా, గుండ్రని టోపీ, రంగురంగుల అగ్వాయో వస్త్రము ధరిస్తారు. బిడ్డయైనా, కూరగాయలైనా ఆ వస్త్రములో కట్టి వీపున మోస్తారు. ఒకప్పుడు ఈ వేషముతో కొన్ని హోటళ్ళలోకి, కార్యాలయములలోకి రానిచ్చేవారు కారు. ఇట్టి వివక్షను శిక్షించు చట్టము 2010లో వచ్చింది. వెదురు గొట్టముల సంపోన్యా, చిన్న తీగవాద్యమైన చరాంగో, కేనా పిల్లనగ్రోవి పీఠభూమి సంగీతమునకు ప్రాణము. తూర్పున చికితోస్ ప్రాంతపు పాత జెసూట్ మఠగ్రామములలో స్థానికులు యూరపు బరోక్ సంగీతమును నేర్చి, మతగురువులు వెళ్ళగొట్టబడిన తరువాత కూడ స్వరపత్రములను తరతరములుగా భద్రపరచినారు.

కోకా ఆకు ఇక్కడ మత్తు పదార్థము కాదు. నమిలినందున ఆకలి, అలసట, ఎత్తు వలన కలిగే తలనొప్పి తగ్గుతాయి. పెద్దమనుషుల సభలో ఇచ్చిపుచ్చుకొనుటకు, శుభకార్యములకు మన తాంబూలము వంటిది. ఆ ఆకు నుండి రసాయన ప్రక్రియతో కొకైన్ తీయుట వేరు సంగతి. ఆకు నమలుటను నిషేధించు అంతర్జాతీయ ఒప్పందము నుండి బొలీవియా వైదొలగి, ఆ ఒక్క నిబంధన తనకు వర్తించదను షరతుతో 2013లో తిరిగి చేరింది.

ఆహారము

బంగాళదుంపకు ఆండీస్ పుట్టినిల్లు. వందల రకములు సాగులో ఉన్నవి. జూన్ నెల మంచులో రాత్రులు దుంపలను ఆరుబయట పరచి గడ్డకట్టనిచ్చి, పగలు కాళ్ళతో త్రొక్కి నీరు పిండి, ఎండబెట్టి చున్యో తయారుచేస్తారు. నల్లని గులకరాళ్ళ వలె ఉండే ఈ వరుగు ఏళ్ళ తరబడి నిలువ ఉంటుంది. పంట పోయిన సంవత్సరము ప్రాణము నిలిపేది ఇదే. క్వినోవా మరొక ముఖ్యమైన పంట. విదేశములలో గిరాకీ పెరిగి 2013-14లో దాని ధర ఆకాశమునంటి, పిమ్మట పడిపోయింది.

లోకోతో అను కండగల మిరపకాయలను, టమాటాలను, కిల్కిన్యా ఆకును వెడల్పైన రాతిపై మరొక రాతితో నూరి యఖ్వా చేస్తారు. దీనిని రోటి పచ్చడి అనుటకు సందేహించనవసరము లేదు. ఇది లేని భోజనము ఉండదు. మిరప జాతి మొక్కల పుట్టుకచోట్లలో బొలీవియా కూడ ఒకటి. కనుక ఈ పోలిక యాదృచ్ఛికమైనా పదార్థము ఒక చోటిదే. వేరుశనగ కూడ ఇటువంటిదే. ఉత్తర అర్జెంటీనా, దక్షిణ బొలీవియా ప్రాంతములో రెండు అడవి జాతులు కలిసి నేటి వేరుశనగ ఏర్పడినదని జన్యుపరిశోధన తేల్చింది. ఆ రెంటిలో ఒకదానిని దక్షిణ బొలీవియాలోని ఇపా అను చోట సేకరించినారు. ఆ ఊరి పేరే దాని శాస్త్రీయ నామములో నిలిచింది. బొలీవియాలో వేరుశనగను ముఖ్యముగా పచ్చిగింజలు నూరి చారుగా కాచుకొంటారు. అనంతపురము జిల్లా మెట్టచేల ముఖ్యమైన పంటకు పూర్వీకులు అక్కడివే.

భారతదేశముతో సంబంధములు

2019 మార్చిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ బొలీవియాను సందర్శించినారు. భారత దేశాధినేత ఒకరు అక్కడికి వెళ్ళుట అదే మొదటిసారి. ఇటీవలి సంవత్సరములలో బొలీవియా నుండి భారతదేశమునకు వచ్చే సరకులలో ప్రధానమైనది బంగారము. అందులో గణనీయమైన భాగము అమెజాన్ ఉపనదులలోని చిన్న గనులది. ఆ గనులలో వాడే పాదరసము బెని నదీతీరపు గ్రామముల ప్రజల శరీరములలో చేరినట్లు పరీక్షలలో బయటపడినది.